ఐఆర్ ఎయిట్ పుట్టిన ఊళ్లో

1996లో పీహెచ్‌డీ కోసం ఫిలిప్పీన్స్ వెళ్లినప్పుడు నాన్నకి నా చిరునామా ఓ పట్టాన అర్థం కాలేదు. కవరు మీద "కాలేజ్, లగూనా 4031" అని రాయమన్నాను. "కాలేజీ సరే, ఊరి పేరేదిరా?" అని ఉత్తరంలో అడిగారు. ఊరి పేరు లోస్ బాన్యోస్. కానీ వ్యవసాయ కళాశాల ఉన్న వైపుకి పోస్టాఫీసు వేరు, పిన్‌కోడ్ వేరు. ఆ పోస్టాఫీసు పేరే కాలేజ్. ఊళ్లోకి వచ్చిన కాలేజీ ఊరంత పెరిగి, ఉత్తరం చేరడానికి ఊరి పేరు అక్కర్లేని స్థితి వచ్చిందన్నమాట.

మనీలాకి దక్షిణంగా అరవై కిలోమీటర్ల పైన ఉంటుంది ఈ ఊరు. ఒక పక్క మకిలింగ్ కొండ, 1,090 మీటర్ల ఎత్తు, ఎప్పట్నుంచో నిద్రపోతున్న అగ్నిపర్వతం. ఇంకో పక్క లగూనా దె బాయి, ఆ దేశంలోకెల్లా పెద్ద సరస్సు, దాదాపు 900 చదరపు కిలోమీటర్లు. కొండకీ నీళ్లకీ మధ్య ఉన్న ఏటవాలు జాగాలో ఊరు సర్దుకుంది. అక్కడ మున్సిపాలిటీ అంటే మన మున్సిపాలిటీ కాదు, ఇంచుమించు మండలం. దాని కింద బరంగాయ్‌లు అని పల్లెలు, పేటలు ఉంటాయి. లోస్ బాన్యోస్‌కి అవి 14. అక్కడి కుర్రాళ్లు ఊరిని ముద్దుగా "ఎల్బీ" అంటారు. నాకు మొదట్లో అది విన్నప్పుడల్లా ఎల్బీ నగర్ గుర్తొచ్చేది.

నిజానికి మా ఇంట్లో ఈ ఊరి పేరు తెలియకపోయినా ఊరి సరుకు తెలుసు. మాది పెనుగొండ దగ్గర ఊరు, వరి తప్ప ఇంకో మాట లేని ఇల్లు. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్ 8 అనే కొత్త వరి వేసి బస్తాలు పండించారని, చూడ్డానికి చుట్టుపక్కల రైతులంతా వెళ్లారని తాతయ్య చెప్పేవాడు. ఆ తర్వాత ఆయన పేరే "మిస్టర్ ఐఆర్ ఎయిట్" అయిపోయింది. తాతయ్య కూడా విత్తనం సంపాదించి వేశాడు. దిగుబడి చూసి మురిసిపోయాడు గానీ, అన్నం మాత్రం చివరిదాకా తిట్టాడు. వేడిగా ఉన్నంతసేపే తినాలిట, చల్లారితే పలుకు గట్టిపడిపోతుందిట. పొట్టి గడ్డి అని ఇంకో ఫిర్యాదు. ఇవన్నీ విని పెరిగినవాణ్ణి కాబట్టి అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, ఇర్రీ, ఉన్న ఊరికి వెళ్తున్నానంటే, ఏదో పెద్ద నగరం అనుకుంటూ విమానం ఎక్కాను.

దిగింది జీప్నీ స్టాండులో. జీప్నీ అంటే అక్కడి షేర్ బండి. రెండు బెంచీల మీద ఎదురెదురుగా మోకాళ్లు తగులుతూ కూర్చోవాలి. డబ్బులు డ్రైవరుకి ఇవ్వడానికి లేవక్కర్లేదు, "బాయద్ పో" అంటే ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ ముందుకి వెళ్తాయి, చిల్లర కూడా అలాగే వెనక్కి వస్తుంది. దిగాలంటే "పారా పో!" అనాలి. ఆ "పో" మన "అండీ" లాంటిది. గోదావరి వాడికి అది నేర్చుకోవడం ఏమంత కష్టం కాదు. క్యాంపస్ జీప్నీలకి రెండే రూట్లు: కాలివా, కానన్. అంటే ఎడమ, కుడి. ఒకటి క్యాంపస్‌ని ఇటునుంచి చుట్టి వస్తుంది, ఇంకొకటి అటునుంచి. ఎక్కడికైనా ఏదో ఒకటి వెళ్తుందిలే అని ఎక్కేసేవాళ్లం.

కొన్నాళ్లు సంస్థ హాస్టల్లో ఉండి, వంట కోసం బాతొంగ్ మలాకె అనే బరంగాయ్‌లో ఓ ఇంటి పై వాటాలో గది తీసుకున్నాను. ఇంటావిడని అందరూ "ఆతే" అనేవారు, అక్క అని. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ తల్లి కూడా కింద వాటాలోనే ఉండేది. ఆవిణ్ణి లోలా అనేవాళ్లం, అమ్మమ్మ అని. నా గది కిటికీలోంచి చూస్తే పక్కన చిన్న వరి చెక్క, దాని అవతల అరటి తోట, ఆపైన మకిలింగ్ కొండ కనపడేవి. ఆ వరి చెక్క వాళ్లదే. ఊరి గురించి నాకు తెలిసిందాంట్లో పుస్తకాల్లోంచి సగం వస్తే, మిగతా సగం ఆ ఇంటి మెట్ల మీద కూర్చుని విన్నదే.

ఊరికి ఆ పేరు వేడినీటి బుగ్గల వల్ల వచ్చింది. స్పానిష్‌లో బాన్యోస్ అంటే స్నానాలు. మొదట్లో ఇది పక్కనున్న బాయి అనే పెద్ద ఊళ్లో ఒక మూల. కొండ అడుగున వేడి ఇంకా ఉంది కాబట్టి భూమిలోంచి వేణ్నీళ్లు ఉబికేవి. 1590ల ప్రాంతంలో పెద్రో బవుతిస్తా అనే ఫ్రాన్సిస్కన్ ఫాదరీ ఆ నీళ్లకి రోగాలు తగ్గుతాయని గుర్తించాక, అక్కడ ఆసుపత్రి వెలిసింది. ఆ ఫాదరీ తర్వాత జపాన్ వెళ్లి, 1597లో నాగసాకిలో శిలువ మీద చనిపోయాడు. ఊరు 1615లో బాయి నుంచి విడిపోయి సొంతంగా మున్సిపాలిటీ అయింది. తర్వాత మూడు వందల ఏళ్లు పెద్దగా పెరిగిందేమీ లేదు. చేపలు, కొబ్బరి, వరి, స్నానాలకొచ్చే రోగులు, అంతే. ఇప్పటికీ ఆ వేడినీళ్ల కొలనుల రిసార్టులు రోడ్డు పొడుగునా ఉన్నాయి. శని, ఆదివారాల్లో మనీలా నుంచి వ్యానుల్లో దిగి, రాత్రంతా నీళ్లలో నానుతూ కరావోకె పాడతారు. పక్క వాళ్ల నిద్ర సంగతి ఎవరికీ పట్టదు. ఇదే వేడితో 1979 నుంచి పక్క ఊరి దగ్గర కరెంటు కూడా తీస్తున్నారు.

ఊరి జాతకం మారింది 1909లో. దేశం అమెరికా చేతిలో ఉన్న కాలం. కొత్తగా పెట్టిన ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయానికి వ్యవసాయ కళాశాల కావలసి వచ్చి, మకిలింగ్ పాదాల దగ్గర ఈ చోటు ఎంచుకున్నారు. మొదటి డీన్ ఎడ్విన్ కోప్లాండ్. భవనాలు లేవు, గుడారాల్లో పాఠాలు మొదలుపెట్టారు. మరుసటేడు అడవుల బడి వచ్చింది, కొండని అటవీ రిజర్వుగా ప్రకటించారు. ఆ ఒక్క పని చేయకపోయి ఉంటే ఈపాటికి కొండ మీద విల్లాలు మొలిచేవని నా నమ్మకం. లోలాని అడిగితే మాత్రం కొండని కాపాడింది ప్రభుత్వం కాదు, మరియా మకిలింగ్ అనేది. ఆమె ఆ కొండ దేవత. పేదవాళ్లకి అల్లం ఇస్తే ఇంటికెళ్లేసరికి బంగారం అయ్యేదట. పక్క ఊరు కలంబాలో పుట్టిన జాతీయ వీరుడు జోసె రిజాల్ అంతటివాడు ఆ కథని 1890లో రాసిపెట్టాడు. కొండ మీదికి వెళ్లేటప్పుడు మా ల్యాబ్‌లో పీహెచ్‌డీలు చేసినవాళ్లు కూడా "తబి తబి పో" అంటూ అడుగులేసేవారు. కంటికి కనపడని వాళ్లని కాస్త పక్కకి తప్పుకోమని అడగడం.

యుద్ధం సంగతి లోలా దగ్గర నుంచి రాబట్టడం అంత తేలిక కాలేదు. 1943లో జపాన్ సైన్యం ఆ కాలేజీ ఆవరణనే నిర్బంధ శిబిరం చేసి, అమెరికన్లు, ఇతర విదేశీ పౌరులు రెండు వేల మందికి పైగా తెచ్చి పెట్టింది. 1945 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున పారాచూట్‌లతో దిగిన అమెరికన్ సైనికులు, సరస్సు మీదుగా నీటిలోనూ నేల మీదా నడిచే బళ్లలో వచ్చినవాళ్లు, ముందే కాపు వేసిన ఫిలిప్పీనో గెరిల్లాలు కలిసి ఖైదీలందర్నీ విడిపించారు. సైనిక చరిత్రల్లో దీన్ని గొప్ప ఆపరేషన్ అని పాఠంగా చెబుతారు. ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాతి రోజుల్లో జపాన్ వాళ్లు తిరిగొచ్చి, సాయం చేశారన్న కక్షతో ఊరివాళ్లని వెయ్యి మందికి పైగా చంపేశారు. అది చాలా పుస్తకాల్లో ఒక పేరాతో అయిపోతుంది. లోలా అప్పటికి చిన్నపిల్ల. వాళ్ల కుటుంబం కొండ మీదికి పారిపోయి బతికింది. "వాళ్లు వచ్చి వాళ్లవాళ్లని తీసుకెళ్లిపోయారు. మేం ఇక్కడివాళ్లం కదా, ఇక్కడే ఉన్నాం" అంది. యుద్ధమయ్యాక 1946లో యుద్ధ నేరాలకి జపాన్ జనరల్ యమషితాని ఉరితీసింది, జనరల్ హొమ్మాని కాల్చింది కూడా ఈ ఊళ్లోనే. ఆ చోట్లు చూపించమంటే అటుకేసి చెయ్యి ఊపిందంతే.

1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు ఫిలిప్పీన్స్ ప్రభుత్వంతో కలిసి ఇర్రీ పెట్టినప్పుడు ఈ ఊరే ఎందుకు అంటే, పక్కనే వ్యవసాయ కళాశాల ఉంది కాబట్టి. రాబర్ట్ చాండ్లర్ మొదటి డైరెక్టర్. ఇండోనేసియా నుంచి పేటా అనే పొడుగు రకం, తైవాన్ నుంచి డీ-జియో-వూ-జెన్ అనే పొట్టి రకం తీసుకుని పీటర్ జెన్నింగ్స్ కలిపిన ఎనిమిదో సంకరం ఐఆర్ 8. అందులోంచి మంచి మొక్కని ఏరి నిలబెట్టింది హెన్రీ బీచెల్. ఎరువు వేస్తే పడిపోకుండా నిలబడి, 130 రోజుల్లో కోతకొచ్చి, ప్రయోగ మళ్లలో హెక్టారుకి 9 టన్నులు దాటింది. 1966 నవంబరులో విడుదల చేశారు. ఆ ఏడు ఫిలిప్పీన్స్ నలుమూలల నుంచి రెండు వేల మందికి పైగా రైతులు బస్సుల్లో, సైకిళ్ల మీద, నడిచి ఈ ఊరికి వచ్చి, తలా రెండు కిలోల విత్తనం పట్టుకెళ్లారు. ఆతే వాళ్ల నాన్న కూడా ఆ వరసలో నిలబడ్డాడట. తాతయ్య కూడా ఇలాగే విత్తనం కోసం తిరిగాడని చెబితే ఆవిడ తెగ ఆశ్చర్యపోయింది. ఆ వెంటనే, "మరి మీ వాళ్లకి అన్నం నచ్చిందా?" అని అడిగింది. వాళ్ల నాన్నకీ నచ్చలేదట.

ఐఆర్ 8కి చీడపీడలు కూడా అంతే ఇష్టంగా వచ్చేవి. దోమపోటుతో మన గోదావరి చేలు ఎలా పోయేవో నాన్నకి తెలుసు. ఆ తర్వాత ఇర్రీ శాస్త్రవేత్త గుర్‌దేవ్ ఖుష్ హయాంలో ఒకదాని వెనక ఒకటి రకాలు వచ్చాయి. 1985లో వచ్చిన ఐఆర్ 64 దిగుబడితో పాటు రుచి కూడా ఉన్నది. తెలుగు నేల మీద దాని పేరు వినని రైతు ఉండడు.

నేను ఎక్కువ కాలం గడిపింది సంకరాలు చేసే గ్రీన్‌హౌస్‌లో. పనంతా దగ్గర్లోని బరంగాయ్‌ల నుంచి వచ్చే ఆడవాళ్ల చేతుల్లో ఉండేది. తల్లి మొక్క కంకి అప్పుడే పొట్ట నుంచి బయటికి వస్తుంటుంది. పువ్వు పువ్వుకీ కొసని కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాల్నీ సన్నటి గొట్టంతో పీల్చేయాలి. గొట్టం అవతలి కొస చిన్న పంపుకి ఉంటుంది. ఒక్క కేసరం మిగిలినా సొంత పుప్పొడితో గింజ కట్టేస్తుంది, సంకరం చెడుతుంది. కీలాగ్రం కదిలినా పని అయిపోయినట్టే. తర్వాత కంకికి పల్చటి కాగితం సంచి తొడుగుతారు. పొద్దున్న పది, పదకొండు మధ్య తండ్రి మొక్క పువ్వులు విచ్చుకునే వేళకి ఆ కంకిని తెచ్చి, సంచిలో పైనుంచి మెల్లగా విదిలిస్తారు. వాళ్లు పిల్లల స్కూలు ఫీజుల గురించి, టీవీ సీరియళ్ల గురించి మాట్లాడుకుంటూనే చేసేవారు. నేను ఊపిరి బిగబట్టి చేసిన కంకి మీద గింజలు అక్కడక్కడ ఉంటే, వాళ్ల కంకుల మీద నిండుగా ఉండేవి. ప్రపంచమంతా తిన్న రకాలకి మూలం ఆ చేతులే. పరిశోధన వ్యాసాల్లో వాళ్ల పేర్లు మహా అయితే చివర కృతజ్ఞతల్లో కనపడేవి. ఇది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పేరు దక్కించుకున్నది మట్టి ఒక్కటే. సంస్థ పొలాలున్న బరంగాయ్ పేరు మాఅహాస్. "మాఅహాస్ క్లే" అన్న మాట వరి శాస్త్రం చదివిన ప్రతివాడూ ఎక్కడో ఒకచోట చదివే ఉంటాడు. 1960ల నుంచి ఏడాదికి మూడు పంటలు వేస్తూ వస్తున్న మడి ఒకటి అందులోనే ఉంది.

తిండికి ఇబ్బంది పడ్డానేమో అని అమ్మకి బెంగ. మార్కెట్లో మునగాకు, తూటికూర, బచ్చలి, కాకరకాయ, వంకాయ, అన్నీ ఉండేవి. అడిగే పేరు వేరు, అంతే. మునగాకుని వాళ్లు కోడి పులుసులో వేస్తారు, తూటికూరని చింతపండు పులుపున్న సినిగాంగ్‌లో. కరివేపాకు మాత్రం ఊళ్లోని ఇండియన్ సైంటిస్టుల పెరళ్లలోనే దొరికేది. దానికోసం వాళ్లతో మంచిగా ఉండాల్సి వచ్చేది. కందిపప్పుకి మనీలా వెళ్లాలి, పాకోలో మహాత్మా గాంధీ స్ట్రీట్‌లోని గుడి దగ్గరికి. కాలేజీ డైరీ వాళ్ల చాక్లెట్ పాలు, ఆనోస్ దగ్గర రోడ్డు మీద అమ్మే బుకో పై, అంటే లేత కొబ్బరి పెట్టి కాల్చిన పై, ఇవి రెండూ ఇప్పటికీ నోరూరిస్తాయి. ఊళ్లో పిల్లలు నన్ను చూసి "బుంబాయ్!" అని పరిగెత్తేవాళ్లు. అక్కడ మోటారు సైకిళ్ల మీద తిరుగుతూ అయిదిచ్చి ఆరు వసూలు చేసే వడ్డీ వ్యాపారులు పంజాబీలు. ఇండియన్ అంటే వాళ్లే అనుకుంటారు జనం. నేను స్టైపెండు మీద బతుకుతున్న విద్యార్థినని తెలిశాక కూరగాయల ఆతే ఒకావిడ జాలిపడి కొసరు వేయడం మొదలుపెట్టింది.

2000 ఆగస్టులో దేశాధ్యక్షుడు ఒక ప్రకటన చేశాడు: లోస్ బాన్యోస్ ఇకనుంచి "ప్రత్యేక శాస్త్ర, ప్రకృతి నగరం". బ్యానర్లు కట్టారు. మా ల్యాబ్‌లో ఒకతను, "అయితే రేపట్నుంచి కరెంటు పోదా?" అన్నాడు. పేరులో నగరం ఉందిగానీ చట్టప్రకారం ఊరు మున్సిపాలిటీగానే ఉండిపోయింది. నగరం కావాలంటే దేశ చట్టసభ చేసిన చట్టం, ప్రజాభిప్రాయ సేకరణ కావాలి. నాలుగైదు నెలలకే, 2001 జనవరిలో, ఆ అధ్యక్షుడే జనాందోళనతో దిగిపోయాడు. సెల్‌ఫోన్లలో మెసేజ్‌లు ఒకరి నుంచి ఒకరికి పాకి, మా క్యాంపస్ కుర్రాళ్లు కూడా గుంపులు గుంపులుగా మనీలా బస్సులెక్కారు. ఆ ఏడే నా థీసిస్ పూర్తయి ఇంటికి వచ్చేశాను.

ఊరికి దూరమైనా వరి వదల్లేదు. మన మార్టేరులో పుట్టిన స్వర్ణ, 1982 నాటి ఎంటీయూ 7029, లోస్ బాన్యోస్ వెళ్లి, నీళ్లలో రెండు వారాల దాకా మునిగినా బతికే సబ్-1 జన్యువుని పెట్టించుకుని, 2009లో స్వర్ణ సబ్-1గా తిరిగొచ్చింది. ఆ జన్యువు ఇచ్చిన పాత రకం ఒడిశాది. ముంపు చేలున్నవాళ్లకి దాని విలువ నేను చెప్పక్కర్లేదు. అదే 2009 సెప్టెంబరులో తుఫాను వాన పడి లగూనా సరస్సు పొంగి, ఒడ్డున ఉన్న ఊళ్లు నెలల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆతే ఫోన్ చేసి, మేం ఎత్తు మీద ఉన్నాం కాబట్టి ఫర్వాలేదు, ఒడ్డునున్న చుట్టాలంతా మా ఇంట్లోనే ఉన్నారు అని చెప్పింది.

2018లో ఓ మీటింగ్ కోసం మళ్లీ వెళ్లాను. మార్కెట్లో ప్లాస్టిక్ సంచులు లేవు. 2008లోనే నిషేధించారట, కాగితం సంచిలో చేపలు కట్టిస్తుంటే చూసి ముచ్చటేసింది. కాలేజీ గేటు ముందు రోడ్డు మాత్రం గుర్తుపట్టలేనంతగా మారింది. కాఫీ షాపులు, ఫాస్ట్‌ఫుడ్లు, ట్రాఫిక్ జామ్. నేనున్నప్పుడు ఎనభై వేలున్న జనాభా లక్ష దాటింది. 2020 లెక్కల్లో 1,15,000 పైనే తేలింది. పొలాలుండే చోట విద్యార్థుల అద్దె గదుల మేడలు, సబ్‌డివిజన్లు అనే ఇళ్ల కాలనీలు. వరి పచ్చగా కనపడాలంటే ఇర్రీ కంచె లోపలికి చూడాల్సిందే. ఇది ఎవరి తప్పూ అనను. సెంటు భూమిలో వరి ఇచ్చేదానికీ నలుగురు విద్యార్థులు ఇచ్చే అద్దెకీ ఎక్కడా పోలిక లేదు. గోదావరి జిల్లాల్లో వరి చేలు చేపల చెరువులైంది కూడా ఈ లెక్కలోనే కదా.

లోలా అంతకుముందే పోయింది. ఆతే జుట్టు నెరిసింది, నోరు మాత్రం అలాగే ఉంది. ఆ ఏడు ఫిలిప్పీన్స్‌లో బియ్యం ధర మండిపోతోంది, కిలో 50 పెసోల దగ్గర ఉంది. ఆవిడ వంటింట్లో బియ్యం బస్తా మీద వియత్నాం అని రాసి ఉంది. గింజ సన్నగా, తెల్లగా బాగానే ఉంది. "నడిచెళ్లేంత దూరంలో వరి సైంటిస్టులు వందమంది ఉన్నారు, నాకు బియ్యం ఓడలో రావాలా?" అని నన్నే నిలదీసింది, ధర నేనే పెంచినట్టు. దిగుబడికీ ధరకీ మధ్య దిగుమతులు, నిల్వలు, దళారులు, రాజకీయాలు ఉంటాయని చెప్పబోతే మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది. కిటికీ పక్కన వరి చెక్క లేదు, సిమెంటు పునాది ఉంది. మూడంతస్తులు వేస్తోందట, అంతస్తుకి ఆరు గదులు. వైఫై పెడితే గదికి ఎంత అడగొచ్చో, నువ్వు పెద్ద ఊళ్లో ఉంటున్నావు కదా చెప్పు అంటూ, కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.